పాలు పితుకు చేతులు

గడచిన వేసవిలో మా యింట వరుసగా రెండు దినములు పాలు తోడుకొనలేదు. తోడు మంచిదే, గిన్నె శుభ్రమైనదే, చెన్నపట్నపు వేసవిలో వేడికి లోటు లేదు. అయినను తెల్లవారి మూత తీసి చూడగా గిన్నెలో పాలు పాలుగానే యుండెను. “నీళ్లు కలుపుతున్నారేమో, ఒకసారి అడగండి” అని మా యింటివారు అనిరి. నీళ్లు కలిసిన పాలు పలుచని పెరుగగునే గాని, పెరుగు కాక మానవు. కావున దోషము నీటిది కాదు. అది ఎవరిదో విచారించి తెలిసికొన్నప్పుడు మేము తల వంచుకొనవలసి వచ్చినది. ఏలయన అందు కొంత మాదే.

ఆ పాలు మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న యొక బాలుని యింటినుండి వచ్చును. ఉత్తర చెన్నైలో కొరుక్కుపేట, తండయారుపేట ప్రాంతములలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబము లనేకము కలవు. వారిదియు అట్టి కుటుంబమే. బాలుని తండ్రికి రెండు ఆవులు, ఒక గేదె ఉన్నవి. అందొక ఆవునకు ఈనిన మూడవ వారమున పొదుగు ఒక ప్రక్క వాచి, వేడెక్కి, చేయి వేసిన తన్నసాగెను. పాలలో పెచ్చులు కనబడెను. పశువైద్యుడు వచ్చి సూదిమందు వేసి, చన్నులోనికి ఎక్కించుటకు ట్యూబు మందు నిచ్చి, చీటీ వ్రాసి వెళ్లెను. చీటీ ఆంగ్లమున, గొలుసుకట్టు వ్రాతలో నుండెను. బాలుడు దానిని మాయొద్దకు తెచ్చెను.

అప్పుడు బడి గంట మ్రోగుచున్నది. మేము నిలువుకాళ్ల మీదనే చదివి, “దినానికి రెండుసార్లు, అయిదు రోజులు వెయ్యాలని మీ నాన్నగారితో చెప్పు” అని పంపితిమి. చీటీ చివర మరియొక పంక్తి కలదు. మందు వాడు దినములందును, ఆ తరువాత మూడు దినములందును ఆ ఆవు పాలను మనుష్యులకు వాడరాదని వైద్యుడు వ్రాసెను. ఆ పంక్తిని మేము చదివితిమి, చెప్పలేదు. మందు సంగతి ముఖ్యమని తోచినది. పాల సంగతి తోచలేదు.

మూడవ దినమునకు వాపు తగ్గి పాలు తెల్లబడెను. తండ్రి అంతటితో మందు నిలిపి, పాలను ఎప్పటివలె వాడుకయిండ్లకు పోసెను. పెరుగు అనగా మనము వేసిన తోడులోని మేలుచేయు సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చుటచే పేరుకొన్న పాలే గదా! పొదుగులోని క్రిమిని చంపుటకు ఎక్కించిన మందు పాలతో మా గిన్నెలోనికి వచ్చి, తోడులోని జీవులను గూడ అణచివేసినది. మా యింట జరిగిన దదియే. ఆ పాలను వాడుకయిండ్లలోని పసిపిల్లలును త్రాగియుందురు.

ఆ యింట జరిగిన నష్టము ఇంతకంటె పెద్దది. నెల తిరుగకముందే వాపు మరల వచ్చెను. ఈసారి ఆ చన్ను గట్టిపడిపోయినది. నేటికిని దాని నుండి చుక్క పాలు రావు. మేము వెళ్లి విచారించినప్పుడు ఆ తండ్రి కోపము లేకుండ చెప్పిన మాట మమ్ము ఇప్పటికిని బాధించుచున్నది: “పాలు తెల్లగా వచ్చేశాయి, ఇంక మందెందుకని ఆపేశాను సార్. పాలు పోయకూడదని మీరు చెప్పి పంపలేదు గదా.”

ఈ వ్యాసమునకు కారణమిది. పొదుగువాపు ఒక్క పశువైద్యుడే తీర్చగల వ్యాధి కాదనియు, పితుకువారు, చదువువారు, కొనువారు ముగ్గురును చేయి కలిపిననే గాని అది తీరదనియు మా అభిప్రాయము. ఎందులకో చెప్పెదము.

ముందుగా శత్రువు నెరుగవలెను. పొదుగువాపునకు కారణమైన సూక్ష్మక్రిములు పలువిధములు. వానిలో మిక్కిలి మొండిది స్టాఫిలోకాకస్. 1880లో స్కాట్లండు నందలి అబర్డీన్ నగరమున అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అను శస్త్రవైద్యుడు రోగుల గడ్డలనుండి తీసిన చీమును సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. గుండ్రని కణములు ద్రాక్షగుత్తులవలె గుంపులు కట్టి కనబడెను. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తిని తెలుపు మాటతో 1882లో ఆయన దానికి ఈ పేరు పెట్టెను. 1884లో జర్మనీ వైద్యుడు రోజెన్‌బాక్ వీనిలో బంగారు వన్నెతో పెరుగు జాతిని గుర్తించి ‘ఆరియస్’ అని వేరుపరచెను. లాటిన్ భాషలో దానికి బంగారు వన్నె గలదని యర్థము. ఇట్టి కణములను ఇంచుమించు వేయింటిని వరుసగా పేర్చిన ఒక్క మిల్లీమీటరు పొడవగును.

ఈ క్రిమి ఎక్కడనో అడవిలో లేదు. మనుష్యులలో సుమారు ముగ్గురి కొకరి ముక్కులో ఏ బాధయు కలిగింపక నివసించుచున్నది. పశువుల చర్మము మీదను, చన్నుల పగుళ్లలోను, వాచిన పొదుగులోను ఉన్నది. మనుష్యులలోని జాతులును పశువులలోని జాతులును చాలవరకు వేరైనను, అటునిటు దాటుట కూడ కలదు. అయితే పాడి పశువులలో ఇది వ్యాపించుటకు ముఖ్యమైన మార్గ మొకటే: ఒక ఆవు పొదుగునుండి మరియొక ఆవు పొదుగునకు, పాలు పితుకు వేళ. దానిని మోయునది పితుకు చేయి, పొదుగు తుడుచు గుడ్డ, యంత్రముతో పితుకుచోట ఆ యంత్రపు గొట్టము.

మన వాడుకలను ఒకసారి తలచి చూడుడు. చన్ను జారుటకై వ్రేళ్లను పాల నురుగులో ముంచుకొనుట మనలో ఎందరికో అలవాటు. ఒక్క గుడ్డతోనే అన్ని పశువుల పొదుగులు తుడుచుట అలవాటు. రోగము గల చన్ను పాలను కొట్టములో నేలమీదనే పిండివేయుట అలవాటు. బొటనవ్రేలు మడిచి చన్నును నొక్కి పితుకుటయు అలవాటే. దానిచే చన్ను లోపలి పొర గాయపడి క్రిమికి చోటు దొరకును. పితికిన తరువాత చన్ను రంధ్రము వెంటనే మూసికొనదు. అందుకు ఇంచుమించు అరగంట పట్టును. ఆ సమయమున ఆవు తడి నేలపై పండుకొన్నచో క్రిమికి తలుపు తెరచి పెట్టినట్లే. పితికిన వెంటనే ఇంత మేత వేసిన ఆవు నిలిచియుండును. ఖర్చు లేని ఈ కాపుదలను చేయువారు ఎందరు?

లోపల ప్రవేశించిన స్టాఫిలోకాకస్ పాలగ్రంథులలో చిన్న చిన్న గడ్డలు కట్టించి, వాని చుట్టును గట్టి కండను పెరుగజేయును. కొన్ని కణములలోపలనే దాగియుండును. ఆ కోటలోనికి మందు సరిగా చొరదు. పైకి వాపు తగ్గుట, పాలు తెల్లబడుట క్రిమి చచ్చినదనుటకు గుర్తు కాదు. మందు నడుమ ఆపిన, బలహీనమైనవి చచ్చి మొండివి మిగులును. అందుచేతనే పాలిచ్చు కాలమున లొంగని దానికి, ఆవు వట్టిపోవునప్పుడు వైద్యుడు చన్నులలోనికి మందు ఎక్కించును. ఆ కాలమున మందు పొదుగులో ఎక్కువ దినములు నిలుచును, పాలు అమ్మవలసిన తొందరయు నుండదు.

ఇంతకంటె మోసకరమైనది వాపు లేని పొదుగువాపు. పొదుగు మామూలుగా నుండును, పాలు తెల్లగానే యుండును, దిగుబడి మాత్రము దినదినము తగ్గును. యజమాని దాణాను నిందించును, దిష్టి యనును. ఈ లోపల ఆ ఆవు తక్కిన వానికి రోగమును పంచుచుండును. దీనిని కనుగొనుటకు 1957లో అమెరికాలో షాల్మ్, నూర్లాండర్ అనువారు సులభమైన పరీక్ష నొకదానిని ప్రకటించిరి. కాలిఫోర్నియా పరీక్ష యని దానికి పేరు. నాలుగు గుంటల పళ్లెములో నాలుగు చన్నుల పాలను వేరువేరుగా తీసి, అంతే మందుద్రవమును కలిపి త్రిప్పవలెను. రోగము గల పాలలో శరీరమునుండి పోరాటమునకు వచ్చిన తెల్లకణములు మెండుగా నుండుటచే అది జిగురుగా చిక్కబడును. ఆవు ప్రక్కనే నిలిచి నిమిషములో చేయదగిన పరీక్ష యిది.

మేకలకు, గొర్రెలకు, క్రొత్తగా ఈనిన ఆవులకు ఈ క్రిమి విషము సోకి పొదుగు చల్లబడి, నీలివన్నెకు తిరిగి, నల్లబడి కుళ్లుటయు కలదు. అట్టి స్థితిలో ఒకటి రెండు దినములలోనే పశువు మరణింపవచ్చును. కోళ్లలో అరికాలి గాయము ద్వారా చేరి పాదమును ఉండవలె వాపించును, కీళ్లను పట్టి కుంటజేయును. ఎక్కడ చర్మము చిట్లునో అక్కడ దాని ప్రవేశము.

“కాచి త్రాగుచున్నాము గదా, మనకేమి భయము?” అని తల్లులు అడుగవచ్చును. కాచుట తప్పక చేయవలసినదే, క్రిమి చచ్చును. కాని ఈ క్రిమి పాలలో పెరుగునప్పుడు విడుచు విషము కాచినను చావదు. 1914లో బార్బర్ అను శాస్త్రజ్ఞుడు ఫిలిప్పైన్ దీవులలోని యొక పాడియింట దీనిని తన శరీరముపైననే పరీక్షించెను. అక్కడ పొదుగు రోగము గల ఆవు పాలు అప్పుడే పితికి త్రాగిన హాని లేదు. వెచ్చని గాలిలో కొన్ని గంటలు ఉంచి త్రాగిన వాంతులు, విరేచనములు. ఆ దీవుల వేడికిని మన చెన్నై వేడికిని ఎంత దూరము? కావున పితికిన పాలను ఎండలో త్రిప్పక త్వరగా కాచుటయో, చల్లని చోట ఉంచుటయో చేయవలెను. పెచ్చులు గల పాలను మనుష్యులకు ఏ విధముగను వాడరాదు.

ఇక మందుల సంగతి. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెంచుచున్న స్టాఫిలోకాకస్ పళ్లెములో బూజు పడి, దాని చుట్టు క్రిములు నశించుటచే పెనిసిలిన్ సంగతి లోకమునకు తెలిసినది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ చరిత్రలో తెలుగువారికి భాగము కలదు. భీమవరమున 1895లో జన్మించి, మన మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధ్యక్షుడుగా నున్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొనెను. బంగారు వన్నె క్రిమికిని బంగారు వన్నె మందునకును పేరులోనే పోలిక కుదిరినది.

అయితే మనుష్యుడు ఆ వరమును జాగ్రత్తగా వాడుకొనలేదు. పెనిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ 1940 దశకము ముగియులోపలనే ఆసుపత్రులలో వ్యాపించెను. 1950లో అదే లెడర్లీ సంస్థలో, ఆరియోమైసిన్ తీసిన మిగులును మేపిన కోడిపిల్లలు త్వరగా పెరుగునని తేలుటతో, రోగము లేని పశువులకును మందు మేపు ఆచారము ప్రబలెను. మెథిసిలిన్ అను తరువాతి మందునకును లొంగని జాతి 1972లో బెల్జియము దేశపు ఆవుల పాలలో బయటపడెను. యూరపు దేశముల కూటమి పెరుగుదలకై మందులు మేపుటను 2006 జనవరి 1 నుండి నిషేధించినది. మన దేశమున మనుష్యులకు చివరి ఆధారముగా మిగిలిన కొలిస్టిన్ అను మందును ఆహారపశువులకు వాడరాదని 2019లో ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఇవి దొరతనముల పనులు. అయిదు దినముల మందును మూడవనాడు ఆపకుండుట మాత్రము ఏ దొరతనమును మన కొట్టమునకు వచ్చి చేయించలేదు.

ఇప్పుడు పాడి చేయువారి పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. ఎనిమిది దినముల పాలను నేలపాలు చేయుమని చెప్పుట సులభము. ఆ పాల ధరలోనే దాణా, ఇంటి బాడుగ, పిల్లల పుస్తకములు ఉన్నవి. ఆ తండ్రిని మేము, “ముందే చెప్పి ఉంటే బాగుండేది గదా” అంటిమి. ఆయన యనెను: “చెప్తే మీరు వేరేచోట పోయించుకుంటారు సార్. నాలుగిళ్లవాళ్లు మానుకుంటే నా గతేం కావాలి?” దీనికి మాయొద్ద సమాధానము లేకపోయెను. చల్లకు వచ్చి ముంత దాచినట్లు, వైద్యుని పిలిచి రోగమును వాడుకదారులకు దాచువానిని మనము నిందింతుము. నిజము చెప్పిన మరునాడే అతనిని విడిచిపెట్టునది మనమే. ఆవునకు రోగము వచ్చినదని చెప్పి పాలు పోయుట మానిన మనిషి నమ్మదగినవాడు, అతనిని విడువరాదు. ఆ దినముల ధరలో కొంతయైనను వాడుకయిండ్లు పంచుకొనవలెను. మేము ఆ నెల లెక్కలో ఆ దినములను తగ్గింపక ఇచ్చితిమి. అది దానమని అనుకొనుట లేదు. మేము చదివి చెప్పని పంక్తికి అది చాలీచాలని వెల.

“తెలుగు ఉపాధ్యాయులకు ఆవుల రోగములతో పనియేమి?” అని కొందరు తలిదండ్రులు అడుగుదురేమో. పని కలదు. మన నగరమున వేపేరిలోని పశువైద్య కళాశాల 1903లో ప్రారంభమైనది. 1989లో మాధవరము కేంద్రముగా పశువైద్య విశ్వవిద్యాలయము వెలసినది. మేము విద్యనభ్యసించిన తిరుపతికి, 1955లో బాపట్లలో పుట్టిన ఆంధ్ర పశువైద్య కళాశాల తరలి రాకమునుపు, తెలుగు విద్యార్థులును ఈ చదువునకై మద్రాసునకు వచ్చుచుండిరి. విద్య మన వీధికి ఇంత సమీపమున నున్నది. అది చీటీగా మారి మన గడపకు వచ్చి, చదువువారు లేక తలుపు బయటనే నిలిచిపోయినది. పొదుగు, చన్ను, చేపుట, వట్టిపోవుట అను మాటలు మన యిండ్లలో ఎల్లవారి నోటను ఉన్నవి. శాస్త్రజ్ఞానమును ఆ మాటలలో ఒదిగించి యింటికి చేర్చుట తెలుగు బడి పని కాక మరి యెవరి పని?

కావున ఈ సంవత్సరమునుండి మా తరగతిలో ఒక పుస్తకమును పెట్టితిమి. ఇంట పశువులు గల విద్యార్థి పశువైద్యుని చీటీని తెచ్చిన, మేము కూర్చుండి, గంట మ్రోగినను లేవక, కడపటి అక్షరము వరకు చదివి చెప్పుదుము. విద్యార్థి దానిని తెలుగులో మూడు పంక్తులుగా వ్రాసికొనవలెను: మందు పేరు, ఎన్ని దినములు, ఏ దినమునుండి పాలు అమ్మవచ్చును. ఆ కాగితమును కొట్టములో కంటికి ఎదురుగా అంటింపవలెను. చీటీలో సందేహమున్నచో వైద్యునే అడుగవలెను గాని ఊహించి చెప్పరాదు.

విద్యార్థులారా, ఇంట మీరు చేయదగినవి కొన్ని కలవు. పితుకువారికి సబ్బును నీళ్లును అందింపుడు; ఒక పశువునుండి మరియొక దానికి పోవునప్పుడెల్ల చేతులు కడుగుకొనుమని చెప్పుడు. ఒక్కొక్క పశువునకు వేరు గుడ్డ ఉంచుడు. మొదటి రెండు ధారలను నల్లని గిన్నెలో పిండి పెచ్చులున్నవేమో చూడుడు. ఆరోగ్యముగల వానిని ముందు, రోగముగల దానిని కడపట పితుకునట్లు చూడుడు. పితికిన తరువాత వైద్యుడు చెప్పిన అయోడిన్ ద్రావణములో చన్నులను ముంచి, పశువునకు మేత వేయుడు. ఇందుకు వలసినది ధనము కాదు, దినమునకు రెండుసారులు ఓపిక.

తలిదండ్రులారా, మందు మిగిల్చి దాచకుడు, పొరుగువారి ఆవునకు ఈయకుడు. పెరుగు తోడుకొన్నంత మాత్రమున పాలలో మందు లేదని తలపకుడు. చీటీలోని లెక్కయే ప్రమాణము.

ఆ ఆవు ఇప్పుడు మూడు చన్నులతోనే పాలిచ్చుచున్నది. ఆ బాలుడు ఉదయమున తండ్రి చేతులపై నీళ్లు పోసిన పిదపనే బడికి వచ్చుచున్నాడు. మొన్న గేదెకు చన్ను పగిలినదని చీటీ తెచ్చినప్పుడు, మేము చదువుట ముగించి కాగితము మడువబోగా, “సార్, కిందింకేమైనా ఉందా?” అని అడిగెను. మేము కాగితమును మరల విప్పి, చివరి పంక్తి వరకును చూచి, ఇంకేమియు లేదని చెప్పితిమి.